చూచు కన్ను – కోరు మనస్సు

సుందరమగు గృహమును చూచినప్పుడు మానవుని హృదయమున రెండు భావములు వెనువెంటనే పుట్టుచుండును. మొదటిది 'ఎంత బాగున్నది!' అను ఆనందము. రెండవది 'ఇట్టిది నాకు లేదే!' అను కొరత. ఈ రెంటికిని నడుమనుండు వ్యవధి రెప్పపాటు మాత్రమే. ఆ రెప్పపాటులో మనస్సు ఏ త్రోవ పట్టునో దానినిబట్టియే ఆ చూపు మేలు చేయునో, కీడు చేయునో నిర్ణయమగుచున్నది. పరుల యింటి అందమును మెచ్చుకొనుట దోషమా, గుణమా యను ప్రశ్న పైకి స్వల్పముగ తోచును. కాని గృహస్థుని మనశ్శాంతియు, అతని అప్పులును, బిడ్డల అభిమానమును, ఇరుగుపొరుగువారితోడి మైత్రియు ఈ చిన్న ప్రశ్నపై ఎంతయో ఆధారపడియున్నవి.

గుజరాతు రాష్ట్రమున తాపీనదీతీరమున వెలసిన సూరతు నగరమున ఈ ప్రశ్న నేడు వీథివీథిని ఎదురగుచున్నది. పాలియెస్టరు మొదలగు కృత్రిమపు నూలుతో వస్త్రములను నేయుటలో ఆ నగరము దేశమునకే ప్రధానస్థానము. ప్రపంచమున సానబట్టబడు వజ్రములలో అత్యధికభాగము అచ్చటి పనివారి చేతులమీదుగనే పోవుచున్నది. 2023 డిసెంబరు 17న ప్రారంభింపబడిన వజ్రవ్యాపారభవనము పదునైదేసి అంతస్తులుగల తొమ్మిది భాగములుగ, సుమారు 67 లక్షల చదరపుటడుగుల వైశాల్యముతో నిర్మింపబడినది. వ్యాపారమునకే అంతటి మందిరము కట్టుకొన్న నగరమున నివాసగృహములు సామాన్యముగ నుండునా? వేసు, పిప్లోద్ ప్రాంతములలోను, సముద్రము వైపు సాగు డుమస్ రోడ్డు పొడవునను చూపరుల నాకర్షించు గృహములు అనేకము లేచినవి. కొన్నింటికి పూతలేని కాంక్రీటు గోడలు; కొన్నింటికి ఇటుకలను సందులు విడిచి పేర్చి జల్లెడవలె కట్టిన తెరగోడలు. లోపల ఆకాశము కనబడు ముంగిలి, రెండంతస్తుల ఎత్తుగల హాలు, పాలరాతి నేల, కప్పు అంచులలో దాగి వెలుగు దీపములు, వీనియన్నింటి నడుమ, ఇల్లు ఎంత ఆధునికమైనను గుజరాతీ కుటుంబము విడువని ఊయలబల్ల.

పూర్వము ధనికుని యింటి లోపలిభాగమును చూడవలెనన్న ఆ యింటికి పిలుపు రావలెను. పెండ్లికో, వ్రతమునకో పోయినవారు మాత్రమే లోని అందమును చూచి వచ్చి నాలుగు దినములు చెప్పుకొని మరచిపోయెడివారు. నేడు పిలుపుతో పనిలేదు. ఎవరి పడకగది యెట్లున్నదో, ఎవరి వంటయిల్లు ఏ రంగు అరలతో నమర్పబడినదో అరచేతిలోని ఫోనులోనే కనబడుచున్నది. ఒక గంటలో నూరిండ్లను చూడవచ్చును. ఆ నూరిండ్లలో ఒక్కదానియందును విడిచిన చెప్పులు, ఆరవేసిన బట్టలు, జబ్బుపడిన వృద్ధులు కనబడరు. కావున చూచువాడు పరుల గృహములోని అలంకారమును తన గృహములోని జీవితముతో పోల్చుకొనుచున్నాడు. ఇట్టి పోలికలో తన యిల్లు ఓడిపోక తప్పదు. చూపునకు అవకాశము ఇంతగ పెరిగిన కాలమున చూపును శిక్షించుకొనవలసిన అవసరమును అంతగనే పెరిగినది.

ఈ విషయమున మహాభారతముకన్న గొప్ప పాఠము వేరొకటి లేదు. ఖాండవదహనమున తన ప్రాణములు దక్కిన కృతజ్ఞతచే మయుడు పదునాలుగు మాసములు శ్రమించి ధర్మరాజునకు సభామందిరమును నిర్మించియిచ్చెను. ఆ మందిరమును చూచినవారిలో ఇరువురిని వ్యాసుడు ప్రత్యేకముగ పేర్కొనినాడు. మొదటివాడు నారదుడు. ఇట్టి సభను మరెచ్చటనైన చూచితిరా యని ధర్మరాజు అడుగగా, మనుష్యలోకమున ఇటువంటిది చూడలేదనియు వినలేదనియు ఆ మహర్షి నిస్సంకోచముగ ప్రశంసించెను. అటుపిమ్మట ఇంద్ర యమ వరుణ కుబేరుల సభలను, బ్రహ్మసభను గూర్చియు ఒక్కొక్కటిగ వర్ణించి చెప్పెను. నారదునకు సొంతయిల్లు లేదు. ఒకచోట నిలుచు అలవాటును లేదు. అయినను ముల్లోకములలోని మందిరములను అంత శ్రద్ధతో చూచి, అంత చక్కగ గుర్తుంచుకొని, అంత ఉదారముగ మెచ్చుకొన్నవాడు మరియొకడు లేడు. సౌందర్యమును చూచుటకు వైరాగ్యము అడ్డుకాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

రెండవవాడు దుర్యోధనుడు. రాజసూయమునకు వచ్చి అదే సభను అతడును తిరిగి చూచెను. స్ఫటికపు నేలను నీరని భ్రమించి వస్త్రము పైకెత్తుకొనెను; నీటిని నేలయని భ్రమించి అందుపడి తడిసెను; మూసిన ద్వారమును తెరచియున్నదని తలచి నుదురు కొట్టుకొనెను. నన్నయభట్టు తెనిగించిన నాటినుండి ఈ కథ తెలుగువారి యిండ్లలో నవ్వుకొనుచు చెప్పుకొనబడుచునే యున్నది. కాని నవ్వు ముగిసిన పిదప జరిగినదే అసలు కథ. దుర్యోధనునకు హస్తినాపురమున లేనిదేమి? భవనములు కలవు, ఏనుగులు కలవు, సేవకులు కలరు. అయినను ఆ దినమునుండి అతనికి అన్నము రుచింపలేదు, నిద్ర రాలేదు. నిన్నటిదాక చాలినది నేడు చాలకపోయెను. తన సంపదలో గవ్వంతయు తరుగకయే అతడు దరిద్రుడయ్యెను.

తరువాత ధృతరాష్ట్రుని ఆజ్ఞచే హస్తినాపురమునను ఒక సభ నిర్మింపబడినది. దానికి వేయి స్తంభములు, నూరు ద్వారములు. దాని పేరు తోరణస్ఫాటికము. అది మయసభకు పోటీగ వచ్చిన కట్టడమే. అందులోనే జూదము జరిగినది. అందులోనే ద్రౌపది పరాభవింపబడినది. ఒక మందిరము కృతజ్ఞతనుండి పుట్టినది. రెండవది అసూయనుండి పుట్టినది. రాళ్లలో, రత్నములలో రెంటికిని పెద్ద భేదము లేదు. కట్టించిన భావములోనే భేదము. పరుల యింటిని చూచి వచ్చి దానివంటిదానిని కట్టబూనువాడు ముందుగ తన్ను తాను ప్రశ్నించుకొనవలసినది ఇదియే: ఈ కోరిక ఆనందమునుండి పుట్టినదా, అవమానమునుండి పుట్టినదా?

ఇచ్చట కొందరొక ఆక్షేపణ చేయుదురు: 'గృహమే బంధమైనప్పుడు గృహమున అందమేల? భాగవతములోని అవధూత ఇల్లు కట్టుట దుఃఖహేతువని పామునుండి నేర్చుకొనెను గదా! ఇతరులు చేసిన పుట్టలో పాము సుఖముగ నున్నట్లు యతియు ఉండవలెనని చెప్పెను గదా!' నిజమే. కాని ఆ బోధ ఇల్లు విడిచినవానికి. బిడ్డలను పెంచవలసినవానికి, తల్లిదండ్రులను సేవింపవలసినవానికి, అతిథికి అన్నము పెట్టవలసినవానికి కప్పు కావలెను, గోడ కావలెను. అవి చక్కగనుండుట తప్పుకాదు. ముంగిట ముగ్గు పెట్టు స్త్రీ ఒక్క పూటకు చెరిగిపోవు సౌందర్యమునకై శ్రమపడుచున్నది. దేవాలయ శిల్పి రాతిని పూవువలె చెక్కినాడు. అందము దోషమైనచో వీరందరును దోషులే కావలెను. దోషము అందములో లేదు. 'నాది' యను పట్టులోను, 'నాకు లేదే' యను మంటలోను కలదు. ఈ రెండును ఒక్క చెట్టు కొమ్మలే.

కోరికను చల్లార్చుటకు ఒక సులభోపాయము కలదు: చూచుదానిని చక్కగ అర్థము చేసికొనుట. సగము చూచినవానికి కోరిక పుట్టును. పూర్తిగ చూచినవానికి గౌరవము పుట్టును. సూరతు గృహములందలి ఇటుక తెరగోడ వట్టి అలంకారము కాదు. పడమటి యెండను అడ్డుచు గాలిని మాత్రము లోనికి వదలుటకై ఆ సందులు విడువబడినవి. నడిముంగిలి వేడిగాలిని పైకి పంపును. పాత సూరతు ఇండ్ల ముందరి అరుగు, గుజరాతీలు ఓటలో యనునది, ఎండ వేళ నీడయు, సాయంకాలము ఇరుగుపొరుగువారికి ఆసనమును అయినది. అహమ్మదాబాదులో లె కార్బూజియే రూపొందించి 1956లో పూర్తియైన శోధన్ గృహమునకు గొడుగువలె నిలిచిన పైకప్పు, లోతైన కాంక్రీటు నీడపలకలు ఆ ప్రాంతపు ఎండకు చెప్పిన సమాధానములు. విశేషమేమన, ఆ గృహము మొదట సురోత్తమ్ హఠీసింగ్ అను వేరొక మిల్లు యజమానునికై గీయబడినది. ఆయన కట్టక నమూనాలను అమ్మివేయగా శ్యాముభాయి శోధన్ కొని కట్టించుకొనెను. ఒకనికై ఊహింపబడిన ఇల్లు మరియొకనిదయ్యెను. ఇది ఎందుకిట్లున్నదని అడుగుచు చూచువానికి ఇల్లు ఒక విద్య. తనకెప్పుడు వచ్చునని తపించుచు చూచువానికి అది యొక వ్యాధి.

ఇట్లు చూడ నేర్చిన కంటికి అందము ధనికుల పేటలోనే కాక ఇతరస్థలములయందును కనబడజొచ్చును. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమానమును పొందిన మొదటి భారతీయ వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ ఇందూరు నగరమున అరణ్య యను పేదల నివాసస్థలమును రూపొందించెను. అచ్చటి మిక్కిలి పేద కుటుంబములకు పూర్తియైన యిల్లు ఇయ్యబడలేదు. పునాదియు, స్నానమునకు మరుగునకు వలసిన గదియు, నీటి వసతియు ఇయ్యబడినవి. తక్కినదానిని తమ శక్తికొలది, తమ అభిరుచికొలది వారే కట్టుకొనిరి. ఒకరు మెట్లను వీథివైపునకు పెట్టిరి. ఒకరు చిన్న పిట్టగోడను పెంచిరి. ఒకరు గోడకు నీలిరంగు వేసికొనిరి. ఆ యిండ్లలోని అందము వెలనుబట్టి వచ్చినది కాదు. అట్టి గృహముల ముందర నిలిచి మెచ్చుకొనగలవాడే నిజమైన సౌందర్యోపాసకుడు. పాలరాతిని మాత్రమే మెచ్చువాడు మెచ్చునది అందమును కాదు, ధరను.

గృహములపై మమకారమునకు ప్రత్యుత్తరము చెప్పుటలో సూరతు చరిత్రయే గొప్ప ఆచార్యుడు. పదునేడవ శతాబ్దమున అది మొగలు సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవు. అప్పటి వర్తకులలో వీర్జీ వోరా ప్రపంచమున మిక్కిలి ధనవంతులలో నొకడని ఆంగ్ల వర్తకులే వ్రాసికొనిరి. 1664 జనవరిలో శివాజీ సైన్యము నగరముపై పడినప్పుడు వోరా భవనమును, గిడ్డంగులును నాశనమైనవి. 1670లో నగరము మరల కొల్లగొట్టబడినది. 1837లో పుట్టిన అగ్నిప్రమాదమున వేలాది గృహములు భస్మమైనవి. ఉకాయి ఆనకట్టనుండి విడిచిన నీటితో 2006 ఆగస్టులో తాపీ పొంగినప్పుడు నగరములో అధికభాగము మునిగినది. పాలరాతి హాలునందును మట్టినేల గుడిసెయందును ఒక్కటే బురద నిలిచినది. నిప్పునకును నీటికిని అభిరుచి భేదము లేదు.

ఆ కాలపు విదేశీ వర్తకులు తమ సమాధులను సైతము పోటీపడి కట్టించుకొనిరి. 1659లో మరణించిన క్రిస్టొఫర్ ఆక్సెండెన్, 1669లో మరణించిన అతని సోదరుడు జార్జి ఆక్సెండెన్‌ల స్మారకము గుమ్మటములతో, స్తంభములతో రెండంతస్తుల మందిరమై ఆంగ్లేయుల శ్మశానమున నేటికిని నిలిచియున్నది. 1691లో మరణించిన డచ్చి అధికారి వాన్ రేడె సమాధి దానికి దీటుగ డచ్చివారి శ్మశానమున గలదు. ఆ వాన్ రేడె మలబారు ఓషధులను గూర్చి పండ్రెండు సంపుటముల గ్రంథమును సిద్ధము చేయించినవాడు. సమాధిని చూచి ఆశ్చర్యపడి పోవువారు కొందరు. గ్రంథమును తెరచి నేటికిని మేలుపొందు వృక్షశాస్త్రజ్ఞులు అనేకులు. వాసము చేయువారే లేని యింటికి అలంకారమేల యని తలచువానికి, వాసము చేయువారున్న యింటి అలంకారమునకు హద్దెచ్చటనో సులభముగ తెలియగలదు.

అదే నగరమున మరి రెండు కట్టడములు కలవు. షాజహాను కాలమున 1644లో యాత్రికులకును బాటసారులకును ఒక సత్రము కట్టబడినది. దానిని మొగలు సరాయి యందురు. 1867లో అది పురపాలక సంఘమునకు చేరి, నాటినుండి నగరపాలన కార్యాలయమైనది. దానికన్న పూర్వము, పదునారవ శతాబ్ద ప్రారంభమున మలిక్ గోపీ యను ధనికుడు నగరమున నీరు నిలుచుటకై చెరువు త్రవ్వించెను. ఎండి శిథిలమైన ఆ గోపీ తలావును నగరపాలకసంస్థ పునరుద్ధరించి 2015లో ప్రజలకు తెరచినది. తమకై కట్టుకొన్న వారి హర్మ్యములు పేరులేకుండ పోయినవి. పరులకై కట్టబడిన సత్రము, చెరువు మిగిలినవి. ఇది కేవలము దైవఘటన యని తీసివేయరాదు. ఒక్కని యిల్లు శిథిలమైన నాడు దానిని నిలుపువాడు ఆ యొక్కడే. అందరిదైన కట్టడము శిథిలమైన నాడు దానిని నిలుపుటకు అందరును కలరు.

శ్రీరామకృష్ణులు చెప్పిన తోటసర్కారు కథ ఇచ్చట గుర్తునకు వచ్చును. ధనికుని ఉద్యానవనమును చూడవచ్చినవారికి అచ్చటి ఉద్యోగి 'ఇది మా తోట, ఇది మా కొలను, ఇది మా హాలు' అని గర్వముతో చూపుచుండునట. ఏదో తప్పునకు యజమాని తొలగించిన దినమున తన మామిడికొయ్య పెట్టెనైనను తీసికొనిపోవుటకు అతనికి వ్యవధి చిక్కదు. గృహస్థుడు తన యింటిలో ఈ సర్కారువలె ఉన్నాడని తెలిసినచో రెండు లాభములు కలుగును. తన యింటిని శ్రద్ధతో చూచుకొనును, ఏలయన అది అప్పగింపబడినది. పరుల యింటిని చూచి కుమిలిపోడు, ఏలయన వారును తనవంటి సర్కారులే. ఒక సర్కారునకు పెద్దతోట, ఒకనికి చిన్నతోట. లెక్క చెప్పవలసినది ఇరువురును.

ఇంతవరకు చూచినది చూచువాని హృదయమును. చూడబడు గృహము వెనుకనున్న చేతులను గూర్చియు విచారింపవలెను. తెలంగాణ ప్రాంతమున చేనేత క్షీణించినప్పుడు వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ మొదలగు జిల్లాలనుండి పద్మశాలీ కుటుంబములు అనేకము సూరతు చేరి, మరమగ్గములపై పనిచేయుచు లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. వారి బిడ్డలకై నగరపాలకసంస్థ తెలుగు పాఠశాలలను సైతము నడిపినది. ఒడిశాలోని గంజాం జిల్లానుండి ఒంటరిగ వచ్చిన కార్మికులు పండ్రెండు గంటల పాళీలలో పనిచేయుచు, ఒకే గదిలో పలువురు తలదాచుకొనుచున్నారు. పగటి పాళీవాడు లేచిపోయిన చోటనే రాత్రి పాళీవాడు వచ్చి నడుము వాల్చును. సుందరగృహమున కిటికీకి వ్రేలాడు తెరను మెచ్చుకొనువాడు దానిని నేసినవాని గదికి కిటికీ యున్నదో లేదో యని ఒక్కమారు తలచుకొనవలెను. అట్లు తలచినంతమాత్రమున అందము తగ్గదు, చూపు పూర్తియగును.

అట్టి పేటలోని ఒక గృహస్థుని ఊహింపవచ్చును. రెండు గదుల యిల్లు. గుమ్మమునకు మామిడాకుల తోరణము, గోడకు దేవుని పటములు, మూలలో మడిచిపెట్టిన చాపలు. ఎన్నడును ఆ యింట కొరత యను మాట లేదు. ఒకనాడు కూతురు ఫోనులో డుమస్ రోడ్డు భవనమొకటి చూచి, స్నేహితురాండ్రను ఇంటికి పిలుచుటకు సిగ్గుపడజొచ్చెను. తండ్రి అది గ్రహించి అప్పుచేసి కప్పు క్రింద మరియొక తెల్లని కప్పు వేయించి, దానిలో దీపములు పొదిగించెను. దీపములు వెలుగుచునే యున్నవి; వాయిదాలు తీర్చుటకై అతడు అదనపు పాళీలు చేయుచుండుటచే ఆ వెలుగులో కూర్చుండువాడు లేడు. ఆ గృహమున పూర్వముండినది తండ్రితోడి సాయంకాలము. ఇప్పుడున్నది తండ్రి కొన్న దీపము. బిడ్డకు ఏది మిక్కిలి అవసరమో ఎవరును అడుగలేదు. ఫోనులోని చిత్రమును అసలే అడుగలేదు.

అట్లని ధనికుడు తన చల్లని హాలులో కూర్చుండి పేదవానికి సంతుష్టిని బోధింపరాదు. ఇది మిక్కిలి జాగ్రత్తగ గ్రహింపవలసిన విషయము. సంతోషము తన విషయమున పాటింపవలసిన నియమము. పరుల విషయమున పాటింపవలసినది న్యాయము. 'నాకిది చాలును' అనుట సద్గుణము. 'నీకది చాలును' అనుట చాలమారులు క్రౌర్యము. గాలి రాని గదిలో పరుండువాడు కిటికీ కోరుట తృష్ణ కాదు, ధర్మమైన అవసరము. తృష్ణ యనునది కిటికీ లభించిన పిదప పొరుగువాని కిటికీకన్న అది వెడల్పుగ నుండవలెనని కోరుట. ఈ రెంటికిని గల భేదమును మరచినచో వైరాగ్యము పేర అన్యాయమును సమర్థించుట సంభవించును.

గృహసౌందర్యము ప్రహరీగోడతో ముగియదని సూరతు కఠినముగ నేర్చుకొన్నది. 1994 సెప్టెంబరులో అచ్చట ప్లేగు వ్యాపించినప్పుడు లక్షలమంది నగరమును విడిచి పారిపోయిరి. అందమైన గృహములుగలవారును తాళములు వేసికొని పోయిరి. వీథిలోని చెత్తయు, నిలిచిన మురుగును గోడల ఎత్తును లెక్కచేయలేదు. 1995లో నగరపాలక కమీషనరుగ వచ్చిన ఎస్. ఆర్. రావు అధికారులను ప్రతిదినము వీథులలోనికి నడిపించి, పారిశుధ్యమును కొలది సంవత్సరములలోనే మార్చివేసెను. 2024 జనవరిలో ప్రకటింపబడిన స్వచ్ఛసర్వేక్షణమున సూరతు ఇందూరుతోపాటు దేశమున ప్రథమస్థానమును పంచుకొన్నది. తెల్లవారకమున్నే చీపురు పట్టు కార్మికుడు ఆ నగరపు ప్రతి సుందరగృహమునకును పేరులేని శిల్పి. తన యింటి లోపలిని మెచ్చుకొనువాడు వీథిని గూర్చియు బాధ్యత వహించినప్పుడే అతని అభిరుచి సంస్కారమనిపించుకొనును.

తుదకు, ఒక గృహము అందమైనదో కాదో నిర్ణయించు గీటురాయి యేది? మరల భారతమే సమాధానమిచ్చుచున్నది. సంధికై వచ్చుచున్న శ్రీకృష్ణుని లోబరచుకొనదలచి దుర్యోధనుడు దారిపొడవునను విడిదిగృహములను కట్టించి, రత్నములతో, మెత్తని ఆసనములతో అలంకరింపజేసెను. శ్రీకృష్ణుడు వానివంక చూడకయే హస్తినాపురమునకు వచ్చెను. దుర్యోధనుని యింట భుజించుటకును అంగీకరింపలేదు. ప్రేమయున్నచోటనైనను తినవచ్చును, ఆపదలోనైనను తినవచ్చును. ఇచ్చట ఆ రెండును లేవని చెప్పి విదురుని యింటికి పోయెను. విదురుని యింటి గోడలు ఎట్లుండెనో వ్యాసుడు చెప్పలేదు. చెప్పవలసిన అవసరము కలుగలేదు. వచ్చినవానికి గోడలు గుర్తుండు గృహమొకటి, వచ్చినవానికి తాను ఆదరింపబడుట గుర్తుండు గృహమొకటి. రెండవదానిని ఎంత పేదయైనను కట్టుకొనగలడు.

కావున సుందరగృహమును చూచుటకు భయపడనక్కరలేదు. చూచి కన్నులు మూసికొననక్కరలేదు. సుఖించువారియందు మైత్రియు, దుఃఖించువారియందు కరుణయు, పుణ్యాత్ములయందు ముదితయు చిత్తమును నిర్మలము చేయునని పతంజలి మహర్షి ఉపదేశించెను. పరుల యింటి అందమును చూచి 'వారు సుఖముగ నుందురు గాక' యని మనసార తలచుట ఆ మైత్రికి సులభమైన అభ్యాసము. తరువాత కట్టిన చేతులను తలచుకొనుట కరుణకు అభ్యాసము. పిమ్మట తన గడపకు తిరిగివచ్చి దానిని తుడిచి, దీపము వెలిగించి, ఆ పూట వచ్చు అతిథికై ఒక పీట వాల్చుట కృతజ్ఞతకు అభ్యాసము. ఇంటికి తిరిగివచ్చినప్పుడు తన గడప నిన్నటికన్న ప్రియముగ కనబడినచో ఆ చూపు శుద్ధమైనదని తెలిసికొనవచ్చును. నిన్నటికన్న హీనముగ కనబడినచో కన్ను వెంట కోరిక బయలుదేరినదని గుర్తింపవచ్చును. మయసభ ఒక్కటే. ఇల్లులేని నారదుడు దానిని చూచి ఆనందముతో వెడలిపోయెను. ఇండ్లెన్నియో గల దుర్యోధనుడు దానిని చూచి నిద్రను పోగొట్టుకొనెను.